కంచం ఖాళీ అయ్యేదాకా

"ఆపిల్‌లు, దానిమ్మలు మాకు యాడికెల్లి వస్తయి టీచరమ్మా?" అంది లావణ్య. మట్టెవాడ అంగన్‌వాడీలో కూర్చున్న గర్భిణులంతా నవ్వారు.

టీచర్ పద్మలత కూడా నవ్వింది. ఆమె ఆ కేంద్రానికి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది.

"ఆపిల్ ఎవలు తినమన్నరు? తోటకూర కట్ట, గుప్పెడు పల్లీలు, జర బెల్లం. కూర మీద నిమ్మకాయ పిండుకోండ్రి. తిన్నంక చాయ్ తాగొద్దు, రక్తం పట్టనియ్యది."

వెనక వరసలో యాకమ్మ పెదవులు కదుపుతూ అదంతా వల్లె వేసుకుంటోంది. ఆమెకు చదువు రాదు. తరగతి ఉన్న ప్రతి బుధవారం నర్సంపేట దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు వస్తుంది. సంచిలో మునగాకు, నువ్వులు తెస్తుంది.

ఆమె పక్కన దీప. ఆరో నెల. ఈమధ్యే ఆ వాడలో అద్దెకు దిగిన ఆటో డ్రైవర్ నవీన్ భార్య. ఒంట్లో రక్తం ఏడున్నర గ్రాములే ఉంది. నెలలు నిండేలోగా పది దాటకపోతే కాన్పులో ప్రాణానికే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది.

భోజనాలు వడ్డించారు. దీప గుడ్డు పక్కకు జరిపింది.

"తిను," అంది యాకమ్మ.

"కడుపు నిండింది అమ్మా."

"నిండితే నిండనీ. తిను."

కంచం ఖాళీ అయ్యేదాకా యాకమ్మ కళ్లు తిప్పలేదు.

"గంత తినవెడితే లోపల పిల్ల బలిసి కాన్పు కష్టమైతది పెద్దమ్మా," లావణ్య ఆటపట్టించింది. "మా అత్తయితే సగం కంచమే పెడ్తది. ఆమెకు బియ్యం మిగుల్తయి, నాకు కాన్పు సులువైతదట!"

మళ్లీ నవ్వులు. యాకమ్మ నవ్వలేదు.

"నేను గూడ గట్లనే చేసిన," అంది మెల్లగా. "ఎక్కువ తినకు బిడ్డా, కాన్పు సులువైతదని నా బిడ్డ ముందటి కంచం నేనే గుంజుకున్న."

దీప తల దించుకుంది. పద్మలతకు మంచి పాఠం దొరికింది.

"చూసిన్రా? తప్పు తెలుసుకొని ఎట్ల దిద్దుకుంటాందో! తల్లంటే యాకమ్మ లెక్క ఉండాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. యాకమ్మ కొంగులో ముఖం దాచుకుంది. సిగ్గనుకుంది పద్మలత.

ఎనిమిదో నెలలో దీపకు రక్తం తొమ్మిదికి వచ్చింది. తొమ్మిదో నెలలో పదిన్నర. "ఇగ ఫికర్ లేదా? నిజంగనే లేదా?" అని యాకమ్మ మూడుసార్లు అడిగింది.

నొప్పులు మొదలైన రోజు పద్మలత కూడా నవీన్ ఆటోలోనే దవాఖానకు వెళ్లింది. నవీన్ మందులకు పరుగెత్తాడు. యాకమ్మ కాన్పు గది తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు, నీళ్లిచ్చినా తాగలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు.

"తల్లి?" అంది యాకమ్మ.

"మంచిగుంది," అంది బయటికొచ్చిన నర్సు.

యాకమ్మ గోడ వెంట జారి కిందికి కూలబడింది. ఇక ఆ ఏడుపు ఎవరు ఆపినా ఆగలేదు.

"మనుమరాలు పుడితే ఎవరన్నా ఏడుస్తరా?" మందలించింది నర్సు, కాగితం మీద కలం ఆనించి. "పేషెంటుకు నువ్వేమైతవు?"

"తల్లి," పద్మలతే చెప్పింది.

యాకమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా బిడ్డ ముందటేడు కాన్పుల రక్తం లేక పోయింది సిస్టరమ్మా, ఈమె మా అల్లుడు మళ్ల చేసుకున్న పిల్ల."