కదలని నలభై ఫోటోలు

మా అక్క కూతురు చార్వికి నత్తి. ఈ రోజుల్లో ఎవరింట్లోనైనా సినిమా కావాలంటే గోడకి కథ చెబితే చాలు, అప్పటికప్పుడు తీసి చూపిస్తుంది. చార్వి "ఒక బ... బ..." అనేలోగా గోడ బంతి సినిమా వేసేసేది. కాదంటే బాతు సినిమా. పిల్ల తల దించుకుని వెళ్ళిపోయేది. నాకైతే ఆ గోడని పగలగొట్టాలనిపించేది.

చివరికి అటక మీంచి నా చిన్నప్పటి ప్లాస్టిక్ ఇటుకల పెట్టె దింపాను. పాత ఫోన్‌ని కదలకుండా స్టూలుకి టేపుతో అంటించాను.

"కిటికీ మూసెయ్యి, ఎండ మారితే సినిమా మినుకుమంటుంది. బొమ్మని బియ్యపుగింజంత జరుపు, చెయ్యి తీసెయ్యి, ఫోటో తియ్యి. ఫోటోలన్నీ వరసగా తిప్పితే బొమ్మ తనే కదిలినట్టు సినిమా అవుతుంది, సెకను సినిమాకి పది ఫోటోలు కావాలి. తొందరపడకే," అన్నాను చార్వితో.

మూడో రోజు ఫోటోలు చూశాను. ఎర్ర ఇటుకల బస్సు వచ్చింది, బొమ్మపిల్ల చెయ్యెత్తింది, బస్సు ఆగింది. ఆ తర్వాత నలభై ఫోటోలు ఒకేలా ఉన్నాయి.

"బొమ్మని జరపడం మర్చిపోయావే! కొత్తలో అందరూ చేసేదే," అంటూ చెరిపెయ్యబోయాను.

చార్వి నా చెయ్యి పట్టుకుంది. "వ... వద్దు పిన్నీ. అది ఏ ఊరెళ్ళాలో చె... చెబుతోంది. డ్రైవరు వింటున్నాడు."

ఆదివారం ఆ సినిమా గోడ మీద వేశాం. బస్సు ఆగింది. నాలుగు సెకన్లు ఆగి, పిల్లని ఎక్కించుకుని కదిలింది. ఆ నాలుగు సెకన్లూ మా గోడ కూడా నోరు మూసుకుని ఆగింది.