క్లింట్ కోటు

"మంట వెలిగించేలోపు నేను బండిలోకి వెళ్ళిపోతాను," అన్నాడు కోల్బీ.

గుడారం మేకు కొడుతున్న వెర్ల్ హ్యాడ్లీ చెయ్యి ఆగింది. దారి పొడుగునా పెదవి విప్పని కుర్రాడు, పదివేల అడుగుల ఎత్తుకు వచ్చాక అన్న మొదటి మాట అది.

"ముందు భోంచెయ్యి. తర్వాత చూద్దాం," అన్నాడు వెర్ల్.

చర్చి సంఘం వాళ్ళు ఏటా వేసవిలో జరుపుకునే తండ్రీ కొడుకుల క్యాంపు అది. నెవాడా ఎడారి మీద లేచి నిలబడ్డ ఆ కొండపైన, ఏసుప్రభువు పుట్టేనాటికే ముసలివైపోయిన పైన్ చెట్ల పక్కన గుడారాలు వేస్తారు. పొద్దు వాలాక మంట చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి, పక్కనున్నవాడి భుజం మీద చెయ్యి వేసి, పేరు చెప్పి, "వీడు నావాడు" అంటారు. అంతే. ఆ ఒక్క మాట కోసం మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళు కూడా కొండెక్కుతారు.

పదిహేడేళ్ళ కొడుకు క్లింట్ పోయినప్పటి నుంచి వెర్ల్ పక్కన చోటు ఖాళీ. అతని వంతు వచ్చేసరికి బిషప్ థేన్ చూపు పక్కకు తిప్పుకుని తర్వాతివాళ్ళను పిలిచేవాడు. ఈ ఏడు కోల్బీ ఊళ్ళోకి తిరిగొచ్చాడు. రమ్మని వెర్ల్ ఒకటికి పదిసార్లు అడిగితే గానీ బండెక్కలేదు. ఇంట్లో భార్య నెడ్రా పీచ్ పండ్లు కూరిన తీపి రొట్టె చేసి, గుడ్డ చుట్టి సీటు మీద పెట్టింది. ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమోయ్ వెర్ల్! ఈసారైనా నీ గుడారం తెల్లారేదాకా నిలబడుతుందా, లేక మా దాంట్లోకి పాక్కుంటూ వస్తావా?" పొరుగు పొలం లమాంట్ అటుగా వస్తూ అరిచాడు.

"నీ గురక వినడం కంటే గాలికి కొట్టుకుపోవడమే నయం."

లమాంట్ నవ్వబోయాడు. గుడారం వెనక నుంచి కోల్బీ లేచాడు. లమాంట్ టోపీ సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఊరికే కూర్చోలేక కోల్బీ చెట్లలోకి నడిచాడు. కాసేపటికి రెండు చేతుల నిండా ఎండుకొమ్మలతో వచ్చాడు.

"ఏయ్, దించు! దించు!" లమాంటే ముందు చూశాడు. "ఇక్కడ నేల మీద పుల్ల కూడా ముట్టకూడదు. చంటి పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి." ఆపైన గొణిగాడు. "నీ చెయ్యి పడితే ఇంకేముందిలే."

కోల్బీ ముఖం పాలిపోయింది. వెర్ల్ సగం కొమ్మలు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"పద. తీసినచోటే పెట్టేద్దాం."

"ఎక్కడివక్కడేనా?"

"ఎక్కడివక్కడే. ఇవి రాలి ఎన్ని వందల ఏళ్ళయిందో ఏమో."

తెల్లటి సున్నపురాతి నేల మీద, కొమ్మలు లేచిపోయిన చోట్ల వాటి ఆకారంలోనే ముదురు మచ్చలున్నాయి. ఇద్దరూ వంగి ఒక్కొక్కటీ దాని మచ్చ మీద పెట్టారు. ఎత్తుకు వెర్ల్ గుండె దడదడలాడుతోంది. 'నువ్వు చెప్పిన పనే కదా ప్రభూ చేస్తున్నాను,' అనుకున్నాడు. 'మరి ఇంత బరువుగా ఎందుకుంది? ఇది ఎత్తు వల్లేనా?'

పక్కనే ఒక చెట్టు. బెరడంతా ఊడిపోయి, ఎముకలా మెలితిరిగి ఉంది.

"ఇది చచ్చిపోయింది," అన్నాడు కోల్బీ.

"ఇటు వచ్చి చూడు."

వెనకవైపు అరచేతి వెడల్పున బెరడు మిగిలింది. పైన ఒకే ఒక్క కొమ్మకు పచ్చటి ఆకులు. కోల్బీ ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గాలి లేచింది. వెర్ల్ చంకలో పెట్టుకున్న కోటు తీసి చాచాడు. "వేసుకో."

"అది ఎవరిదో నాకు తెలుసు. వద్దు."

"ఎవరిదో నేను చెప్పానా ఇప్పుడు? చలేస్తోంది, వేసుకోమన్నాను."

కోల్బీ తీసుకున్నాడు గానీ వేసుకోలేదు. "మంట దగ్గర నా గురించి ఆ మాట అనకండి. దండం పెడతాను. అందరి ముందూ నేను తట్టుకోలేను."

"ఇన్నాళ్ళూ ఆ ఖాళీ చోటు పక్కన కూర్చుని నేను తట్టుకున్నాననుకుంటున్నావా?"

కోల్బీ కోటు పట్టుకుని బండి వైపు వెళ్ళిపోయాడు.

కిందినుంచి తెచ్చిన కట్టెలతో మంట వెలిగించారు. ప్రార్థన అయింది. లమాంట్ లేచి ఇద్దరు కొడుకుల మీదా చెరో చెయ్యి వేశాడు. "వీళ్ళు నావాళ్ళు. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఉచితం." అందరూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. వెర్ల్ పక్కన చోటు ఖాళీగానే ఉంది. అతను తల దించుకుని బూట్లకేసి చూస్తున్నాడు.

దూరంగా బండి తలుపు పడిన చప్పుడు.

అడుగులు దగ్గరగా వచ్చి ఆగాయి. వెర్ల్ తలెత్తి చూశాడు. కోటు చేతులు కోల్బీ మణికట్టు దాకా రావడం లేదు. లమాంట్ చాలాసేపు మంటలోకి చూసి, కొంచెం జరిగి చోటిచ్చాడు. కోల్బీ కూర్చున్నాడు.

బిషప్ ఈసారి చూపు తిప్పుకోలేదు. "బ్రదర్ హ్యాడ్లీ," అన్నాడు.

వెర్ల్ లేచి, ఒకనాటి సాయంత్రం సైకిల్ మీద ఇంటికొస్తున్న క్లింట్‌ను తాగిన మత్తులో ట్రక్కుతో గుద్ది చంపి, జైలు శిక్ష ముగించుకుని వచ్చిన ఆ పరాయి కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "ఇతని పేరు కోల్బీ, వీడు నావాడు," అన్నాడు.