నాలుగు పేజీల తేడా

పదకొండుకీ పన్నెండుకీ తేడా ఎంతంటే ఎవరైనా ఒకటనే చెబుతారు. జనార్దనరావు గారు నాలుగు పేజీల్లో రాసుకొచ్చారు.

మేనల్లుడు ప్రద్యుమ్న చేతిలో పదకొండో మోడలు ఫోను ఉంది. కొని ఏడాదైంది. గీత కూడా పడలేదు. గుడివాడ సెల్‌ఫోన్ల షాపులో, అద్దాల బల్ల మీద, కొత్తగా వచ్చిన పన్నెండో మోడలు ఉంది. మార్చాలా, వద్దా? రొయ్యల మేత వ్యాపారంలో క్షణంలో బేరం తెంచే ప్రద్యుమ్న ఇక్కడ మాత్రం వారం రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోయాడు. చివరికి, "మావయ్య కొనమంటే కొంటా" అన్నాడు.

అలా అనడానికి కారణం ఉంది. జనార్దనరావు గారు బందరు కాలేజీలో ముప్పై మూడేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పారు. ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వెయ్యలేదు. సొంత చెల్లెలి కొడుకు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోతే అక్కడే ఆపేశారు. ఆయన లేనిది ఉందనే మనిషి కాదని ప్రద్యుమ్నకి ఆ పరీక్ష రెండోసారి రాస్తున్నప్పుడే అర్థమైంది.

ఆయన పొద్దున్నే చిలకలపూడిలో గుడివాడ వెళ్లే పాసింజరు రైలెక్కారు. కిటికీ పక్కన చోటు దొరికింది. షాపులో సేల్స్‌మన్ రామ్‌ప్రసాద్ అడక్కుండానే స్టూలు వేసి, ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన ఇలాంటి చిన్న చిన్న సుఖాల్ని ఒకటొకటిగా దాచుకుంటున్నారు. ఈ రోజుకి అప్పుడే రెండయ్యాయి.

ప్రద్యుమ్న ఇంటిల్లిపాదీ వచ్చారు.

"చెప్పు మావయ్యా. ముందు కెమెరా."

"పన్నెండులో రంగులు ఇంకా సహజంగా వస్తాయిరా," అని మొదటి పేజీ తీశారాయన.

రామ్‌ప్రసాద్ రెండు ఫోన్లతోనూ ఎదురుగా ఉన్న అరటిపళ్ల బండిని ఫొటో తీసి పక్కపక్కన పెట్టాడు. ప్రద్యుమ్న భార్య సింధూర వంగి చూసింది.

"అబ్బ, ఎంత తేడానో. ఇందులో చూడండి, పళ్లు ఎంత చక్కగా మాగినట్టున్నాయో."

"అది పాతదాంతో తీసింది మేడమ్."

"అదే నేననేది. పాతదాంట్లో మరీ మాగిపోయాయి."

తమ్ముడు అనుదీప్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కొత్తదాంట్లో చిప్పు ఇరవై శాతం ఫాస్టు అన్నయ్యా."

"నేను పంపేది వాట్సాప్ మెసేజీలురా. అవి ఫాస్టుగా వెళ్తే రైతు ఫాస్టుగా డబ్బు కడతాడా?"

తల్లి విజయలక్ష్మికి చిప్పుల గొడవ తెలియదు. ఆవిడ పన్నెండుని అరచేతిలో పెట్టుకుని నిమిరింది.

"అంచులు నున్నగా ఉన్నాయిరా నాయనా. పాతది ఒత్తుకుని నీ చెయ్యెలా కందిపోయిందో చూసుకో."

"అది మొన్న చెరువు దగ్గర మోటారు బిగిస్తుంటే కందిందమ్మా."

"మోటారు ఒక్కటే అయ్యుంటే ఇంత కందదు."

ప్రద్యుమ్న మళ్లీ మేనమామ వైపు తిరిగాడు. "బంటుమిల్లి చెరువు గట్ల మీద తిరిగేవాణ్ణి. నీళ్లలో పడితే?"

"పన్నెండు అరగంట బతుకుతుంది."

"పదకొండు?"

జనార్దనరావు గారు పేజీ తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు.

"అదీ అరగంటే. కానీ దానికి వయసొచ్చింది కదరా."

"ఏడాదికేనా?"

"ఫోన్లకి ఏడాదంటే మనకి అరవై."

రామ్‌ప్రసాద్ ఈ మాట తన కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత అసలు బేరంలోకి దిగాడు.

"పాతది ఎక్స్ఛేంజీలో ఇచ్చెయ్యండి సార్. ఇరవై రెండు వేలు తగ్గిస్తాం."

"వద్దు," అన్నారు నలుగురూ.

అన్నది ప్రద్యుమ్న కాదు. సింధూర, అనుదీప్, విజయలక్ష్మి, జనార్దనరావు గారు. రామ్‌ప్రసాద్ బిత్తరపోయి ఒక్కొక్కరి మొహమే చూశాడు.

"అందులో మా హంసలదీవి ఫొటోలున్నాయండీ," అంది సింధూర.

"ఫొటోలు కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి మేడమ్."

"వస్తాయి. కానీ తీసింది దాంతో కదా."

"డేటా ఎవడి చేతిలో పడుతుందో ఏంటో," అన్నాడు అనుదీప్.

"లక్ష్మిలాంటి వస్తువుని పరాయివాళ్ల చేతిలో పెడతామా?" అంది విజయలక్ష్మి.

జనార్దనరావు గారు నాలుగో పేజీ మీద వేలు పెట్టారు. "ఎక్స్ఛేంజీ వల్ల లాభం కంటే నష్టం ఎక్కువ. లెక్క వేశాను."

ప్రద్యుమ్న చేతులు కట్టుకున్నాడు.

"వీళ్ల సంగతి నాకు తెలుసు మావయ్యా. వీళ్ల మాట వదిలెయ్. నువ్వు చెప్పు. నన్ను ముప్పై నాలుగు దగ్గర ఆపిన మనిషివి. ఈ తేడా నిజంగా తేడాయేనా? నువ్వు కాదంటే ఇప్పుడే లేచి వెళ్లిపోదాం."

విజయలక్ష్మి అన్నగారి వైపు దేవుడి పటాన్ని చూసినట్టు చూసింది.

జనార్దనరావు గారు నాలుగు పేజీలూ మరోసారి చూశారు. కెమెరా, ఒకటే. బ్యాటరీ, గంట తేడా. బరువు, అయిదు గ్రాములు. క్లాసులో ఎవరైనా దీన్ని తేడా అని రాస్తే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసేవారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సిందేమీ లేదు.

"తేడాయేరా," అన్నారు. "కొను."

ప్రద్యుమ్న కార్డు తీసి రామ్‌ప్రసాద్‌కి ఇచ్చాడు. రామ్‌ప్రసాద్ అందరికీ కూల్ డ్రింకులు తెప్పించాడు. జనార్దనరావు గారు కాగితాలు మడిచి, గుక్కెడు తాగి, నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం, భోజనాలవగానే పదకొండో మోడలు సింధూర చేతికి, సింధూరది అనుదీప్‌కి, అనుదీప్‌ది విజయలక్ష్మికి దిగాయి. విజయలక్ష్మి వాడి వదిలేసినదాన్ని, డెబ్బై ఏళ్లకి తనకు దొరికిన మొదటి స్మార్ట్‌ఫోనుని, జనార్దనరావు గారు జేబురుమాలుతో తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.