తిట్లకు కరువు

ప్లంబరు తడి తువ్వాలును కావాలనే పరుపు మీద పడేసి, తలుపు చాటున నిలబడ్డాడు.

భార్య వచ్చింది. చూసింది. తువ్వాలు తీసి దండెం మీద ఆరేసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

అతను గుండెకు స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక కూడా ఆమె నోరు చక్కగానే పనిచేసింది. మాత్ర కాస్త ఆలస్యమైతే అతని వంశాన్నంతా దులిపేసేది. ఈ వారమే ఆ నోటికి తాళం పడింది.

"ఏమే, నన్ను తిట్టవేం?"

"ఇప్పుడెందుకండీ తిట్టడం?" అంది మెత్తగా.

మెత్తగా! ప్లంబరు మంచమ్మీద కూలబడ్డాడు. ఆవిడ మెత్తగా మాట్లాడేది చావింటికి పరామర్శకు వెళ్ళినప్పుడు మాత్రమే.

కూతుర్ని వంటింట్లో పట్టుకున్నాడు. "నిజం చెప్పు. డాక్టరు నా గురించి ఏమన్నాడు?"

"బ్రహ్మాండంగా ఉన్నావన్నారు నాన్నా."

"మరి మీ అమ్మ ఎందుకు తిట్టట్లేదే?"

కూతురి చేతిలోంచి గరిటె జారింది. దానికోసం వంగిన పిల్ల ఎంతకీ లేవలేదు.

ఇంకేం చెప్పాలి? ఒకసారి పూడుకుపోయిన గొట్టం మళ్ళీ పూడుకుపోతుందని పైపులు బిగించేవాడికి తెలియదా!

మర్నాడు ముగ్గురూ ఆస్పత్రికి బయల్దేరారు.

"చెకప్పుకి బట్టల సంచీ ఎందుకే?"

"ఉండనీండి. బరువా, బాధా?"

డాక్టరు పరీక్షలన్నీ చేసి నవ్వాడు. "రక్తం ధారాళంగా పారుతోంది. మీకేం ఢోకా లేదు."

"నీళ్ళు కారే ఇల్లు అమ్మేవాళ్ళూ ఇలాగే నవ్వుతారు డాక్టరుగారూ."

డాక్టరు ఏదో చెప్పబోయాడు. వెనకనుంచి భార్య వద్దన్నట్టు చెయ్యి ఊపింది. కిటికీ అద్దంలో ఆ చెయ్యి ప్లంబరు కంటపడనే పడింది.

బయట బెంచీ మీద కూర్చోగానే భార్య వైపు తిరిగాడు. "నేను పోయాక నా పైపు రెంచి తుప్పు పట్టనివ్వకు. మీ తమ్ముడికి మాత్రం ఇవ్వకు, వాడు దాంతో కొబ్బరికాయలు కొడతాడు."

"మీ నోట్లో—" అని అందుకున్న భార్య అంతలోనే తమాయించుకుని, కళ్ళు మూసుకుని గాలి పీల్చుకుంది.

ఆ ఒక్క తిట్టూ పూర్తికాలేదు. ఇక ఆశ లేదనుకున్నాడు.

నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. "రండి, స్టెంట్ వేయడానికి లోపల అంతా సిద్ధం."

ప్లంబరు గడియారం విప్పి కూతురి చేతిలో పెట్టాడు. భార్యను చివరిసారి కళ్ళారా చూసుకున్నాడు. ధైర్యంగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"లేవండి సార్, కుర్చీ మీ ఆవిడకి!" అంది నర్సు. "స్టెంట్ పడేదాకా గొంతు పెంచొద్దన్నామని, పాపం, వారం నుంచీ మిమ్మల్ని ఓర్చుకుంటున్నారట."