ఒక్క మైకు

ఓర్వకల్లు మైదానంలో విమానం ఇంజన్ ఆగింది. దాని మోత ఏ భాగం నుంచి వస్తోందో కనిపెట్టే పరీక్ష అది. ఇంజనీరు మధులత ముందున్న తెర మీద, ఎర్రచుక్క ఒకచోట కనిపించాల్సింది పోయి అంతటా ఎరుపే పరుచుకుంది.

“చెడిపోయిందా పాపా?” టీ అందిస్తూ అడిగింది అక్కడ టీలు ఇచ్చే శివకుమారి.

“లేదు పెద్దమ్మా. కావాలనే ఒక్క మైకే పెట్టినా. ఒక్కటైతే మోత వినపడతాది గానీ, యాడనుంచి వస్తాందో తెలీదు. మనకైనా అంతే, రెండు చెవులుండాల.”

శివకుమారి కొంగుతో ఒక చెవి గట్టిగా మూసి, కళ్లు మూసుకుంది. “అటూ ఇటూ తిరిగి నన్ను పిలువు పాపా.”

మధులత నవ్వుతూ పిలిచింది. శివకుమారి పిలుపు వచ్చిందనుకున్న వైపు తిరిగి కళ్లు తెరిచింది. ఎదురుగా ఎవరూ లేరు. మధులత వెనక నిలబడి ఉంది.

“మా ఇంటాయనకు గనిలో పేలుళ్లకు ఒక చెవి పోయింది పాపా. ఎర్రగుంట్ల రోడ్డులో ఎనక లారీ హారన్ కొడితే, దాని కిందికే దూకినాడంట. కావాలనే సచ్చిపోయినాడన్నారు అందరూ. నన్నిడ్సి పోయినాడనే కోపానికి నేను ఏడ్చను కూడా లేదు.”

మధులత టీ గ్లాసు కింద పెట్టింది.

“తప్పించుకునేకే దూకినాడు పాపా. ఇంటికొచ్చేకే.”

శివకుమారి చెవి మీది కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది.