బ్రెజులాద్ వారి ఏడు ఊళ్లు

"పన్నెండింటికి ఆఫీసు మూసేస్తాం. ఇవాళ సంతకం పడకపోతే సోమవారం సమాధి తవ్వించేస్తారు. ఎముకలు ఉమ్మడి గోతిలోకి పోతాయి," అంది మేయరు కార్యాలయం గుమాస్తా సబీన్.

ఆన్సెల్మ్ బ్రెజులాద్ కలం ముట్టుకోలేదు. చీజ్ వ్యాపారంలో ఇరవై ఏళ్లుగా అతనిది ఒకటే పద్ధతి. చక్రంలాంటి చీజ్ దిమ్మలోకి సన్నటి గొట్టం దించి, లోపలి ముక్క నాలుక మీద వేసుకున్నాకే బేరం మాట్లాడతాడు.

"నేనే ఎందుకు పెట్టాలి?"

"ముప్పై ఏళ్లకి తీసుకున్న స్థలం. గడువు దాటాక కూడా రెండేళ్లు ఆగాం. పొడిగించుకునే హక్కు వారసులకే ఉంది. ఏడు ఊళ్లకి ఉత్తరాలు రాస్తే వచ్చింది మీరొక్కరే."

ఆ ఏడు ఊళ్లూ అతనికి కంఠతా వచ్చు. నిరుడు తండ్రి రెమీ పోయినప్పటి నుంచి ఇంటిపేరు మూలం వెతకడమే పనిగా పెట్టుకున్నాడు. దేశంలోని టెలిఫోన్ డైరెక్టరీలన్నీ తిరగేస్తే బ్రెజులాద్‌లు మొత్తం ఇరవై ముగ్గురు తేలారు. లీల్, నాన్సీ, బ్రెస్ట్, రువాఁ, బొర్దో, నీస్, తన సొంత ఊరు సాంతెత్యెన్. ఒకరి గిరాకీ ఒకరు చెడగొట్టకూడదని దేశాన్ని పంచుకున్న దుకాణదారుల్లా ఉన్నారు. యుద్ధానికి ముందు ఆ పేరు ఈ మోంతెరాక్ కొండ దాటి వెళ్లనే లేదు. ఊరి పైన రాళ్ల బీడు పేరు అది. అక్కడ గొర్రెలు మేపుకున్న ఒక్క ఇంటివాళ్లకే అతుక్కుంది. ఇప్పుడేమో ఏడు ఊళ్లలో ఉన్న పేరు మోంతెరాక్‌లో మాత్రం లేదు.

ఏడు కొమ్మలూ వచ్చి కలిసేది ఒక్క మనిషి దగ్గర. ఆ ఇంటి చివరి ఆడపడుచు, తన నాయనమ్మ వర్జినీ దగ్గర. ఒకప్పుడు ఇదే గదిలో గుమాస్తా, ఇప్పుడు ఆ సమాధిలో ఉన్నది ఆవిడే.

సబీన్ రిజిస్టరు అతని వైపు తిప్పింది. ఏడు పుట్టుకలు. తల్లి వర్జినీ బ్రెజులాద్, అవివాహిత. తండ్రి తెలియదు. ఏడు చోట్లా అదే మాట.

"ఒకే సిరా, ఒకే పాళీ. అన్నీ ఒక్క పూటలో రాసినట్టున్నాయి. నా పద్దులిలా ఉంటే పన్నులవాడు కుర్చీలోంచి లేవడు," అన్నాడు ఆన్సెల్మ్.

"మీవే కాదు, ఊరందరివీ అలాగే ఉంటాయి. యుద్ధం రోజుల్లో, నలభై మూడులో, పొయ్యిలో నిప్పు ఎగిరి పాత రిజిస్టర్లు కాలిపోయాయట. ఆవిడే కూర్చుని మళ్లీ రాసింది."

ఆ మాట సబబుగానే ఉంది. కానీ పొద్దున రొట్టెల కొట్టువాడు అన్న మాట ఇంకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. 'ఏడుగురి తల్లి మనవడివా? మీ తాతలెంతమందో లెక్క తేలిందా?' కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

కిటికీ పక్క బల్ల మీద జెలీ మేజోడు అల్లుతోంది. డెబ్బై మూడేళ్ల మనిషి, వర్జినీకి ఒకప్పటి పొరుగు. ముప్పై రెండేళ్లుగా ఆ సమాధి మీద గడ్డి పీకుతున్నది ఆమే.

"ఏం ఆలోచిస్తున్నావ్ అబ్బాయ్?"

"ఏడుగురిని కని ఏడు దిక్కులా చల్లేసింది పెద్దమ్మా. అన్నదమ్ములు ఒకరికొకరు ఒక్క ఉత్తరం ముక్క రాసుకోలేదు. మా నాన్న నోట 'అమ్మ' అన్న మాట నేను వినలేదు. నేను సంతకం పెడితే ఆ పేరు రాతి మీద ఇంకో ముప్పై ఏళ్లుంటుంది. ఊరు ఇంకో ముప్పై ఏళ్లు నవ్వుతుంది."

"నవ్వుల సంగతి ఆవిడకి నువ్వు చెప్పాలా? పట్నంలో దాదుల దగ్గరున్న తన పిల్లలేనని చెప్పి తెచ్చుకున్నప్పటి నుంచి చర్చిలో పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పెళ్లాడతానన్నవాడు ఉంగరం వెనక్కి పట్టుకుపోయాడు. ఒక్కనాడు తిరిగి ఒక మాట అనలేదు."

"తప్పు తనదైతే ఏమంటుంది?"

జెలీ సూదులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"నీకు తెలుసు పెద్దమ్మా. గోడ పక్క గోడ మీది. మా తాత ఎవరో చెప్పు, సంతకం పెట్టేస్తాను."

"ముందు సంతకం."

"సరుకు చూడకుండానే?"

"నేనూ మేకల సంతలో పెరిగినదాన్నే. ముందు చెబితే నువ్వు పెట్టలేవు."

"అంత చెడ్డవాడా?"

"బేరమాడకు. నీకిష్టం లేకపోతే లేచిపో."

సబీన్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. బయట చర్చి గంట మొదటి దెబ్బ కొట్టింది.

ఆన్సెల్మ్ జెలీ చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో సమాధి మట్టి. పరాయి మనిషి సమాధి, చుట్టరికం లేదు, వచ్చే లాభం లేదు. లాభం లేని చోట మనిషి ఎందుకు అబద్ధమాడుతుంది? ఇంత గట్టిగా నిలబడే అమ్మకందారు తన జీవితంలో తగల్లేదు. జీవితంలో మొదటిసారి గొట్టం దించకుండానే సరుకు ఎత్తుకున్నాడు.

వారసుడు అని ఉన్న చోట సంతకం పెట్టాడు. సబీన్ ముద్ర కొట్టి, కాగితం బీరువాలో పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లింది.

"నా వంతు అయింది. ఇప్పుడు చెప్పు, మా తాత ఎవరు?"

జెలీ లోపలి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అల్లిక సంచిలో పెట్టుకుంది.

"తాత పేరు నాకు తెలీదు నాయనా. నలభై మూడు, మార్చి నెల. రిజిస్టర్లు కాలడానికి వారం ముందు. పట్నాల్లో జర్మన్లు యూదుల్ని పట్టుకుపోతూ ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ చేస్తున్నారు. నాకప్పుడు పన్నెండేళ్లు. సాయం కావాలని వర్జినీ నన్ను స్టేషనుకి తీసుకెళ్లింది."

"స్టేషనుకి దేనికి?"

"ఆ ఏడుగురు పిల్లలూ ఒకే రైలు దిగారు."