జెల్లకు కట్టిన బిళ్ళ

"దారం కోసెయ్యమ్మా! అది మన వల్ల అయ్యే చేప కాదు," అంటూ బాబాయి జేబులోంచి చాకు తీశాడు.

"చాకు ఇటు తెచ్చావంటే నేనూ నీళ్ళలోకి దూకేస్తాను," అంది అమ్మాయి.

నలుగురిలో నోరు విప్పని పిల్ల అంత మాట అనేసరికి బాబాయి చేయి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. జెల్ల ఏటి అడుగుకు గుంజుతోంది. అమ్మాయి రెండు పాదాలూ పడవ అంచుకు తన్నిపెట్టి గాలం కర్ర లాగుతోంది. ఇందాక ఆ చేప ఒక్కసారి పైకి తేలినప్పుడు, దాని వెన్నుముల్లు దగ్గర తెల్లటి బిళ్ళ కనిపించింది. ఆమె చూసింది. బాబాయీ చూశాడు.

చేపలకు బిళ్ళలు కట్టే పిచ్చి ఈ ఏట్లో ఒక్క నాన్నకే ఉండేది. సరదాకి జెల్లలు పట్టేవాడు, కూరకి కాదు. ఐస్‌క్రీమ్ డబ్బా మూత కత్తిరించి, దాని మీద బరువూ తారీఖూ మేకుతో గీకి, నైలాను దారంతో ముల్లుకు కట్టి వదిలేసేవాడు. "మళ్ళీ దొరికినప్పుడు ఎంత పెరిగిందో చూద్దాం," అనేవాడు. రెండేళ్ళ కిందట వరదలో పడవ తిరగబడింది. బాబాయి ఒక్కడే ఈదుకొచ్చాడు. నాన్న చెప్పు కూడా దొరకలేదు.

నాన్న బోర్డులు రాసేవాడు. వాటి మీదికి ఎప్పుడో ఫ్లెక్సీలు ఎక్కేశాయి. ఇక నాన్న చేతిరాత చూడాలంటే ఈ ఏట్లోనే వెతకాలి. అందుకే ఆదివారం వస్తే చాలు, బాబాయి ప్రాణం తీసి పడవ విప్పిస్తుంది. ఆయన ఎప్పుడూ వంతెన దాటనివ్వడు. దిగువన సుడులున్నాయంటాడు. ఈ రోజు అన్నం మానేసి సాధించింది.

"వల పట్టు బాబాయ్!"

"నా మాట విను తల్లీ. మీ అమ్మ ఇప్పుడిప్పుడే రెండు ముద్దలు తింటోంది. ఇది తీసుకెళ్ళి పుండు రేపుతావా?"

"అమ్మకు చూపించను. నా డైరీలో దాచుకుంటాను. ముందు వల పట్టు!"

బాబాయి నిట్టూర్చి చేతివల దించాడు. జెల్ల పడవలో దబ్బున పడి, మీసాలు ఆడిస్తూ కిర్రుకిర్రుమంది. అమ్మాయి దాని మీద తడిగోతం కప్పి, ముల్లు గుచ్చుకోకుండా బిళ్ళను వేళ్ళతో పట్టుకుంది. సగం బురద. పైన ఒక నాలుగు, పక్కన అర. నాలుగు అంకెకు కింద చెప్పు తొడిగినట్టు చిన్న గీత. నాన్న తప్ప ఇంకెవరూ అలా రాయరు.

"నాన్నే బాబాయ్! నాలుగున్నర కిలోలట!"

"సరే, చూశావుగా. వదిలెయ్, పాపం చచ్చిపోతుంది."

"తూచకుండానా? నాన్న ఊరుకునేవాడా?"

గోతంతో సహా కాటాకు తగిలించి ఎత్తింది. గోతం బరువు తీసేస్తే నాలుగున్నర. నమ్మకం కుదరక మళ్ళీ ఎత్తింది. నాలుగున్నరే.

"ఇదేంటి? ఒక్క గ్రామైనా పెరగలేదు!"

బాబాయి ఇంజను వైపు తిరిగిపోయాడు. "తిండి దొరికి ఉండదు. ఏట్లో ఈ మధ్య ఏముంది గనక."

అమ్మాయి జెల్ల నున్నటి తల నిమిరింది. "నాన్న పోయాక నువ్వూ ఎదగలేదా?" అంది మెల్లగా. ఆ మాటతో ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఏడుస్తూనే బిళ్ళ దారం తెంపి, చేపను రెండు చేతులా నీళ్ళలోకి దించింది. అది తోక ఒక్కటి ఝాడించి మాయమైంది.

"ఇటివ్వు, నేను దాస్తాను. గాలికి ఎగిరిపోతుంది," అన్నాడు బాబాయి. చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఉండు, తారీఖు చూడనీ. ఆ రోజు మేమేం చేశామో నా డైరీలో ఉంటుంది."

"తర్వాత చూడొచ్చమ్మా..."

ఆమె అప్పటికే బొటనవేలితో బురద తుడిచేసింది. నాన్న అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా, తప్పు లేకుండా ఉన్నాయి. తారీఖు పోయిన ఆదివారానిది.